లింకన్‌కు తెలియని లింకన్ల ఊరు

1848 మార్చిలో అబ్రహం లింకన్ ఒక ఉత్తరానికి జవాబు రాశాడు. అప్పటికి ఆయన ఇల్లినాయ్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు, అంతే. ఉత్తరం రాసింది మసాచుసెట్స్‌లోని హింగమ్ ఊరివాడు సాలమన్ లింకన్. ఇంటిపేరు కలిసింది కదా, మీ పెద్దలు ఎక్కడివాళ్లని ఆరా తీశాడు. మా తాత పేరు కూడా అబ్రహమేననీ, 1782 ప్రాంతంలో వర్జీనియాలోని రాకింగమ్ కౌంటీ నుంచి కెంటకీకి వెళ్లాడనీ, రెండేళ్లకు అమెరికన్ మూలవాసుల చేతిలో చనిపోయాడనీ లింకన్ రాశాడు. మా నాన్న ఆరేళ్లకే తండ్రిని పోగొట్టుకుని చదువూ సంధ్యా లేకుండా పెరిగాడు, అందుకే మా వంశం గురించి నాకు పెద్దగా తెలియదు అన్నాడు. పదకొండేళ్ల తర్వాత, 1859లో తన జీవిత వివరాలు క్లుప్తంగా రాసిచ్చినప్పుడు కూడా అదే మాట. న్యూ ఇంగ్లండ్ లింకన్లతో చుట్టరికం కలపాలని చూస్తే లెవీ, మొర్దెకై, సాలమన్, అబ్రహం లాంటి పేర్లు రెండు వైపులా ఉన్నాయన్నది తప్ప ఏమీ తేలలేదని రాశాడు.

చుట్టరికం నిజమే. ఆయన ఆరు తరాల పైవాడు శామ్యూల్ లింకన్ 1637లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ నుంచి ఓడెక్కి, చివరికి స్థిరపడింది సాలమన్ ఉత్తరం రాసిన ఆ హింగమ్‌లోనే. ఈ గొలుసులో ఇంగ్లండ్ వైపు కొస దొరికింది మాత్రం లింకన్ చనిపోయిన చాలా ఏళ్లకు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1909 నాటికి గానీ ఆ పరిశోధన అచ్చులోకి రాలేదు.

ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లిన కుటుంబాల మూలాలు వెతికే పని ఎలా సాగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇంగ్లండ్ రికార్డుల్లో ఇంటిపేరు కొట్టి చూడడం. పేరు దొరుకుతుంది. పదిమంది దొరుకుతారు. వాళ్లలో సముద్రం దాటినవాడు ఎవడన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు సాధారణంగా ఇంగ్లండ్‌లో ఉండదు, అతను వెళ్లి దిగిన చోట ఉంటుంది. ఇంకో సంగతి, ఈ కాగితాల్లో ఒక్కటి కూడా మన కోసం రాసింది కాదు. ఎవరో పన్ను వేయడానికో, ఆస్తి పంచడానికో, మనుషులను అదుపులో పెట్టడానికో రాసుకున్నారు. ఆ అవసరం ఏమిటో తెలిస్తే, ఏ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ముందు అమెరికా వైపు చూద్దాం. లింకన్ చెప్పిన కుటుంబ కథలో కొంత నిజం, కొంత జారుడు. తాత చనిపోయింది 1786లో. నాన్న థామస్ పుట్టింది 1778లో, అంటే తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్లవాడు. తమ పూర్వీకులు పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీ నుంచి వర్జీనియాకు వచ్చిన క్వేకర్లని, అంటే ఆ పేరున్న ఒక క్రైస్తవ శాఖవాళ్లని కూడా ఇంట్లో అనుకునేవారు. బెర్క్స్ కౌంటీ సంగతి నిజం. క్వేకర్ల మాట దగ్గరే తేడా వచ్చింది. హింగమ్ లింకన్లు ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండ్ చర్చిని ఇంకా సంస్కరించాలనే వేరే వర్గంవాళ్లు. ఇంటి మాట పట్టుకుని క్వేకర్ల రికార్డుల్లో వెతికితే అటు అడ్రసే దొరకదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథల్లో ఊరి పేరు తరచూ నిజమవుతుంది. సంవత్సరాలు, మతం, హోదా మాత్రం కాగితం చూసేదాకా నమ్మకూడదు.

తాత అబ్రహం తండ్రి జాన్. 1768లో పెన్సిల్వేనియా వదిలి వర్జీనియా వచ్చినవాడు ఇతనే. జాన్ తండ్రి మొర్దెకై, ఆ మొర్దెకై తండ్రి ఇంకో మొర్దెకై, ఆయన తండ్రి శామ్యూల్. ఇలా గడగడా చెబితే తేలిగ్గానే ఉంటుంది. మసాచుసెట్స్‌లో పుట్టిన చిన్న మొర్దెకై న్యూజెర్సీకి, అక్కడి నుంచి పెన్సిల్వేనియాకు మారాడు. ప్రతి మకాం దగ్గరా గొలుసు తెగిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఆదుకున్నవి భూమి కాగితాలు. 1736లో పెన్సిల్వేనియాలో చనిపోయిన చిన్న మొర్దెకై, న్యూజెర్సీలో తనకున్న భూమిని వీలునామాలో జాన్‌కు రాశాడు. 1748లో జాన్ ఆ భూమిని అమ్మేటప్పుడు అది తనకు ఎలా సంక్రమించిందో దస్తావేజులో చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతారే, సరిగ్గా ఆ పనే చేసింది ఆ పత్రం. పెన్సిల్వేనియా జాన్, న్యూజెర్సీ మొర్దెకై కొడుకేనని సంతకంతో సహా తేలింది. పుట్టుక రికార్డు దొరకని చోట ఆస్తి రికార్డు తండ్రినీ కొడుకునూ కలుపుతుంది. భూమి ఉన్న కుటుంబాల జాడ ఎక్కువగా తెలియడానికి, లేనివాళ్లది మాసిపోవడానికి కారణం ఇదే.

మసాచుసెట్స్ హింగమ్‌కు చేరాక తలనొప్పి రకం మారుతుంది. కొత్త ఊరికి ఆ పేరు 1635లో పెట్టారు. నార్ఫోక్‌లోని పాత హింగమ్ నుంచి, దాని చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఎక్కువ. వాళ్లలో లింకన్లూ ఎక్కువే. థామస్ లింకన్ అనే పేరుతోనే నలుగురు ఉండేవారు. ఊళ్లో వాళ్లను గుర్తుపట్టడానికి నేతగాడు థామస్, పీపాలు చేసే థామస్, మిల్లు థామస్, రైతు థామస్ అని పనిని బట్టి పిలిచేవారు, రికార్డుల్లోనూ అలాగే రాశారు. ఇందులో నేతగాడు థామస్ మన శామ్యూల్‌కు అన్న. నలుగురిలో ఏ ఇద్దరిని కలిపేసినా వంశవృక్షం మొత్తం వేరే చెట్టవుతుంది. ఇంటర్నెట్‌లో ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకునే వంశవృక్షాల్లో రోజూ జరిగేది ఇదే. పేరూ కాలమూ కలిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ కూడా ‘వీళ్లిద్దరూ ఒకరేనా’ అని ఊరిస్తుంది. పని, పక్కింటివాళ్లు, సాక్షి సంతకాలు, ఒకే ఓడలో వచ్చినవాళ్లు కూడా కలిస్తే తప్ప అవునని నొక్కకూడదు.

ఈ చుట్టుపక్కల మనుషులే హింగమ్ కేసులో గట్టి ఆధారం. డేనియల్ కషింగ్ అనే ఊరి గుమాస్తా, ఇంగ్లండ్ హింగమ్ నుంచీ దాని పరిసరాల నుంచీ ఏ ఏడాది ఎవరు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో ఒక జాబితా రాసిపెట్టాడు. వలసలు విడివిడిగా జరగలేదని దాన్ని చూస్తే అర్థమవుతుంది. నారిచ్ బిషప్ మాథ్యూ రెన్ ప్యూరిటన్ ఫాదర్ల మీద కఠినంగా ఉన్న రోజులవి. హింగమ్ చర్చి ఫాదర్ రాబర్ట్ పెక్ 1638లో తన మనుషులతో సహా వెళ్లిపోయాడు. ఒక మనిషి ఊరు తెలియకపోతే, అతనితో వచ్చినవాళ్ల ఊరు వెతకాలి. తేలిక కాదు గానీ, చాలాసార్లు ఫలితం ఇచ్చేది ఇదే.

ఇక సముద్రం దాటడం. దాదాపు ప్రతి కుటుంబం విషయంలోనూ దారం తెగేది ఇక్కడే. శామ్యూల్ విషయంలో మాత్రం అదృష్టవశాత్తూ ఒక ఎంట్రీ మిగిలింది. 1637 ఏప్రిల్‌లో గ్రేట్ యార్మత్ రేవులో దేశం వదిలి వెళ్లేవాళ్లను ప్రశ్నించి రాసిన రిజిస్టర్ అది, ఇప్పుడు లండన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. మొదటి చార్లెస్ ప్రభుత్వానికి వలసలంటే అనుమానం. రాజుకు విధేయులు కానివాళ్లు, పన్ను కట్టే స్తోమత ఉన్నవాళ్లు చేజారిపోతారని భయం. అందుకే రేవులో ఈ విచారణ. ఆ ఎంట్రీ ప్రకారం ఫ్రాన్సిస్ లాజ్, నారిచ్‌లో పుట్టి అక్కడే ఉంటున్న నేతగాడు, వయసు 57. భార్య లిడియా, 49. మేరీ అనే ఒక బిడ్డ. ఇద్దరు సేవకులు, శామ్యూల్ లింకర్న్, 18, ఆన్ స్మిత్, 19. న్యూ ఇంగ్లండ్‌లో కాపురం ఉండటానికి వెళ్లాలనుకుంటున్నారు.

ఇంటిపేరు ‘లింకర్న్’ అని ఉండడం చూసి కంగారు పడక్కర్లేదు. గుమాస్తా చెవికి వినిపించింది రాశాడు. అప్పట్లో ఇంటిపేరుకు స్థిరమైన స్పెల్లింగ్ లేదు, ఉన్నా చదువు రానివాడు సరిచెప్పలేడు. సేవకుడు అన్న మాట చూసి బీదవాడనుకోవడమూ తొందరే. నేతగాడి దగ్గర పని నేర్చుకునే కుర్రాణ్ణి కూడా అలాగే రాసేవారు. నిజంగా ఇబ్బంది పెట్టేది వయసు. నార్ఫోక్ హింగమ్ చర్చి రిజిస్టర్‌లో ఎడ్వర్డ్ లింకన్ కొడుకు శామ్యూల్ బాప్తిస్మం 1622 ఆగస్టు 24న జరిగింది. పుట్టిన కొద్ది రోజులకే బాప్తిస్మం ఇచ్చారనుకుంటే 1637 ఏప్రిల్‌కు అతనికి పద్నాలుగేళ్లు నిండి కొన్ని నెలలు. పద్దెనిమిది ఎలా అయ్యాడు?

వయసు పెంచి చెప్పి ఉంటాడని కొందరంటారు. బాప్తిస్మం ఆలస్యమై ఉండొచ్చు, గుమాస్తా సరిగ్గా వినకపోయి ఉండొచ్చు, యజమాని ఉజ్జాయింపుగా చెప్పి ఉండొచ్చు. ఇంకో అవకాశం కూడా వదలకూడదు, వీళ్లిద్దరూ వేర్వేరు శామ్యూల్‌లై ఉండొచ్చు. ఒక్క వయసునే పట్టుకుంటే ఈ కేసు ఓడిపోతుంది. కానీ నేత పని, హింగమ్ ఊరు, ముందే వెళ్లి అక్కడ స్థిరపడ్డ అన్న థామస్, డేనియల్ అనే ఇంకో సోదరుడు, కషింగ్ జాబితా ఇవన్నీ ఒకే కుటుంబం వైపు చూపిస్తున్నాయి. అందుకే పరిశోధకులు ఈ తేడాను పక్కన రాసిపెట్టుకుని, మనిషిని మాత్రం ఒప్పుకున్నారు. నాకూ అది సబబుగానే అనిపిస్తుంది. మొత్తం రికార్డుల్లో ఒక్క తేడా కూడా లేని వంశవృక్షం కనబడితే నాకు ముందు అనుమానం వస్తుంది.

ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లో, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ఊరి పరిధిలో, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయమని ఉత్తర్వు ఇచ్చాడు. కొత్త పన్నుకు ఇది మొదటి మెట్టని జనం గుసగుసలాడుకున్నారు. 1598లో పాత కాగితపు పుస్తకాలను గట్టి తోలు పత్రాల మీదకు ఎక్కించమని, ఏటా ఒక నకలు బిషప్‌కు పంపమని ఆదేశం వచ్చింది. ఎక్కించేటప్పుడు ముఖ్యంగా 1558లో ఎలిజబెత్ గద్దెనెక్కిన దగ్గర్నుంచి రాస్తే చాలన్న వెసులుబాటు ఉండడంతో చాలామంది ఫాదర్లు మొదటి ఇరవై ఏళ్లను వదిలేశారు. చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558లో మొదలవడానికి కారణం ఇదే. అసలు పుస్తకం పోయినా, తడిసినా బిషప్ నకలు అక్కరకొస్తుంది. 1640ల నుంచి 1660 దాకా అంతర్యుద్ధం, దాని తర్వాతి గందరగోళం వల్ల చాలా పారిష్‌ల రిజిస్టర్లలో ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో కుటుంబాలు మాయమైనట్టు కనిపిస్తాయి గానీ, మాయమైంది రాతే.

తేదీల దగ్గర ఇంకో మెలిక. 1752 వరకు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. శామ్యూల్ తండ్రి ఎడ్వర్డ్ చనిపోయింది మన లెక్కలో 1640 ఫిబ్రవరిలో, అప్పటి లెక్కలో అది ఇంకా 1639. ఈ సంగతి తెలియకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందనో, చనిపోయినవాడు వీలునామా రాశాడనో తేలుతుంది. 1752 సెప్టెంబర్ 2 మర్నాడు నేరుగా 14 వచ్చిన విషయం కూడా గుర్తుంచుకుంటే మంచిది.

ఎడ్వర్డ్ పై తరానికి దారి చూపింది వీలునామా. అతని తండ్రి రిచర్డ్ లింకన్ హింగమ్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలోని స్వాన్‌టన్ మోర్లీ ఊరివాడు, ఆస్తిపరుడు, చర్చి పెద్దల్లో ఒకడు. నాలుగు పెళ్లిళ్లు చేసుకున్నాడు. ఆస్తి చివరి భార్య పిల్లల వైపు మళ్లింది, మొదటి భార్య కొడుకైన ఎడ్వర్డ్‌కు దాదాపు ఏమీ దక్కలేదు. ఎడ్వర్డ్ కొడుకులు మగ్గం పట్టుకోవడానికీ, సముద్రం దాటడానికీ ఇదొక కారణమని అనుకోవచ్చు. అలాగని ఏ కాగితంలోనూ రాసి లేదు.

ఇదంతా పదిహేడో శతాబ్దపు కథ. ఇప్పుడు ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఇంగ్లండ్ మూలాలు వెతికే చాలామందికి కావలసింది పందొమ్మిదో శతాబ్దం. అక్కడ రికార్డులు ఎక్కువ, ఆపదలు వేరే. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో జననం, వివాహం, మరణం ప్రభుత్వమే నమోదు చేసింది. మూడు నెలలకొకసారి తయారుచేసిన సూచికలో పేరు, నమోదు జిల్లా, సంపుటం, పేజీ ఉంటాయి. జాన్ స్మిత్ లాంటి పేరుకు ఒక్క త్రైమాసికంలో కట్టలు కట్టలు కనిపిస్తాయి. పాత సూచికలో 1911 దాకా తల్లి పుట్టింటి ఇంటిపేరు లేదు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టిన సూచికలో 1837 నుంచీ ఇచ్చింది, ఒక్క ఆ మార్పు వల్ల వెతకడం ఎంతో సులువైంది. నమోదు చేయించే బాధ్యతను తల్లిదండ్రుల మీద పెట్టి, చేయకపోతే జరిమానా వేసింది 1875 నుంచి. అంతకు ముందు పుట్టినవాళ్లలో కొందరు సూచికలో అసలు ఉండరు.

1841 జనాభా లెక్కలు పేర్లతో దొరుకుతాయి గానీ, పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదుకు కిందికి దించి రాయమన్నారు. ముప్పై నాలుగేళ్లవాడు ముప్పై అయ్యాడు. పుట్టిన ఊరు రాయలేదు, ఇదే కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే. పుట్టిన పారిష్, ఇంటి యజమానికి ఏమవుతారన్నది 1851 నుంచి రాశారు. 1848లో ఓడెక్కినవాడికి ఆ వివరాలున్న లెక్కల్లో చోటు లేదు. అలాంటప్పుడు వెతకాల్సింది వెళ్లినవాణ్ణి కాదు, ఉండిపోయినవాళ్లను. ముసలి తల్లి, పెళ్లికాని చెల్లెలు, పొలం పట్టుకుని ఉండిపోయిన అన్న. వాళ్లు 1851లో పుట్టిన ఊరు చెబుతారు. అక్కడి నుంచి ఆ పారిష్ రిజిస్టర్‌కు వెళ్లాలి. 1813 తర్వాతి బాప్తిస్మాలైతే అచ్చు ఫారాల్లో తండ్రి వృత్తి, ఉండే చోటు కూడా ఉంటాయి.

ఓడ ప్రయాణికుల జాబితాల మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. బ్రిటన్ నుంచి బయటికి వెళ్లినవాళ్ల జాబితాలు క్రమంగా మిగిలింది 1890 నుంచే. దిగిన చోటే మెరుగు. అమెరికా 1820 నుంచి వచ్చినవాళ్లను రాసింది. అన్నిటికంటే దిట్ట ఆస్ట్రేలియాలోని విక్టోరియా. 1853 నుంచి అక్కడి మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, తండ్రి వృత్తి, పుట్టిన ఊరు, కాలనీకి వచ్చి ఎన్నేళ్లు, పెళ్లి ఎక్కడ ఎవరితో, పిల్లల పేర్లు, వయసులు అన్నీ అడిగారు. ఇంగ్లండ్ తన పౌరుడి మరణ పత్రంలో ఇందులో సగం కూడా రాయలేదు. ఒక్క జాగ్రత్త, ఆ వివరాలు చెప్పింది చనిపోయినవాడు కాదు. ఏనాడూ ఇంగ్లండ్ చూడని అల్లుడో కొడుకో తాతమ్మ పుట్టింటి పేరు ఊహించి చెప్పి ఉండొచ్చు.

బీదవాళ్ల జాడ పారిష్ ఖర్చు పుస్తకాల్లో దొరుకుతుంది. పేదలను పోషించే భారం పారిష్‌దే కాబట్టి, ఈ కుటుంబం మా ఊరిది కాదు అని తేల్చడానికి విచారణలు జరిపి రాసేవారు. ఒక కూలీవాడు ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశాడు అన్నది అతని నోటి మాటల్లో ఆ కాగితాల్లో ఉంటుంది. కొన్ని ఊళ్లు టికెట్ డబ్బులు కూడా పెట్టుకున్నాయి. 1832 నుంచి 1837 మధ్య ససెక్స్‌లోని పెట్‌వర్త్ కమిటీ దాదాపు 1,800 మందిని కెనడాకు పంపింది.

ప్రభుత్వం ఎవరిని అదుపులో పెట్టాలనుకుందో వాళ్ల గురించే ఎక్కువ రాసింది. దీనికి రుజువు మన దగ్గరే ఉంది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి దర్బన్ చేరిన ‘ట్రూరో’తో మొదలై, నటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీద మచ్చలు కూడా రాశారు. అదే కాలంలో సొంత డబ్బుతో లివర్‌పూల్‌లో అమెరికా ఓడెక్కిన ఆంగ్లేయుడికి తరచూ పేరు, వయసు, ‘కూలీ’ అన్న మాట తప్ప ఏమీ లేదు. ఆ నటాల్ జాబితాల వల్లే దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబాలు కొన్ని తమ ఊరు కనుక్కోగలుగుతున్నాయి.

ఎదురు దిక్కున ఇటు వచ్చిన ఆంగ్లేయుల రికార్డులూ ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాద్ లాంటి చోట్ల చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. 1698 నుంచి ఉన్న ఆ మద్రాసు వరుస ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా చేరాలంటే బాప్తిస్మ ధ్రువపత్రం పెట్టాలి కాబట్టి, ఆ దరఖాస్తే ఇంగ్లండ్‌లో పుట్టిన ఊరు చెప్పేస్తుంది. మామూలు సిపాయిలుగా వచ్చిన ఆంగ్లేయులకు ఓడెక్కించిన జాబితాల్లో వయసు, పుట్టిన చోటు, అంతకు ముందు చేసిన పని ఉంటాయి. సికింద్రాబాద్, విశాఖల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు మొదటి మెట్టు ఇవే.

ఒక హెచ్చరిక చెప్పి ఆపుతాను. ఆన్‌లైన్‌లో ముందు కనిపించేది సూచిక, ఎవరో చదివి టైప్ చేసింది. పదహారు, పదిహేడో శతాబ్దాల రాతను చదవడం తెలియనివాళ్లు అక్షరాలు తారుమారు చేస్తారు. అసలు పేజీ ఫొటో తెరిచి, ఆ ఎంట్రీకి పైనా కిందా ఉన్న పది పేర్లు కూడా చదవాలి. అదే ఇంటివాళ్లు, అదే వారంలో వరసగా ఖననమైన పిల్లలు, సాక్షిగా నిలిచిన పొరుగువాడు అక్కడ కనిపిస్తారు. ఆ పొరుగువాడి పేరు రేపు మీకు అమెరికా భూమి పత్రంలో సాక్షిగా మళ్లీ ఎదురైతే, అప్పుడు శామ్యూల్ లాంటి మనిషిని ధైర్యంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చవచ్చు.